బడి గోడ మీద గండికోట: ముగ్గురం కలిసి గీసిన డైరీ

1వ రోజు, శుక్రవారం

మా ఊరి బడి ప్రహరీగోడకు లోపలి వైపు బొమ్మ వేయాలి. పొడుగు 20 అడుగులు, ఎత్తు 6 అడుగులు. హెడ్మాస్టరు గారు గండికోట కావాలన్నారు. ఊరు జమ్మలమడుగు వైపు కాబట్టి మా పిల్లకాయల్లో కోట చూడనివాళ్ళు లేరు. బురుజు పక్కకు జరిగినా పట్టేస్తారు. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచేలోపు గోడ సిద్ధం కావాలి.

నాకు కడపలో డీటీపీ షాపు ఉంది. ఫ్లెక్సులు, పెళ్ళి పత్రికలు, షాపు బోర్డులు డిజైన్ చేస్తాను. మౌసు పట్టుకుంటే పని నడుస్తుంది. కుంచె పట్టి గోడకు బొమ్మ వేసే చెయ్యి మాత్రం మా అన్నది. ఒకప్పుడు ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల అన్న రాసిన బోర్డులు వరుసగా కనిపించేవి. ఫ్లెక్స్ వచ్చింది, బోర్డు రాసే పని పోయింది. నేను ఆ ఫ్లెక్స్ పనిలోకే వెళ్ళాను, అన్న కువైట్ వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ నుంచి అక్కడ డ్రైవరు. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బడి గోడ అనగానే నాకు మొదట తట్టింది అన్నే.

హెడ్మాస్టరు గారు "మీ దగ్గరే మిషన్ ఉంది కదా, ఫ్లెక్స్ వేసి బిగించేద్దాం" అన్నారు. మా ఎండకు ఫ్లెక్స్ రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? వద్దని చెప్పాను. రంగులతోనే వేద్దాం, ఖర్చు నాది అన్నాను.

రాత్రి అన్నకు ఫోను.

"నేను యాడుండా, గోడ యాడుండాది రా?"

"నువ్వు గీయి అన్నా. గోడకు ఎక్కించేది నేను చూసుకుంటా."

"సరే, ముందు పంపించు చూస్తాం."

4వ రోజు

మూడు రోజులు వాట్సాప్‌లో నడిపి చూశాం. నేను గీసి పంపుతాను, అన్న దాని మీద ఎర్ర గీతతో సున్నాలు చుట్టి పంపుతాడు. ఆ సున్నా కొండను పైకి జరపమనా, కిందికి జరపమనా అని అడగడానికి మళ్ళీ ఫోను. పదకొండు బొమ్మలు అటూ ఇటూ తిరిగాయి గానీ కొండ ఉన్నచోటే ఉంది.

అన్న కూతురు బెంగళూరులో యానిమేషన్ చదువుతోంది. విషయం విని "చిన్నాయనా, ముగ్గురం ఒకే కాన్వాస్ మీద ఒకేసారి గీయొచ్చు కదా" అంది. వాళ్ళ క్లాసులో పిల్లలు అలాగే చేస్తారట. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు వేదిక మీద కూర్చుని, మెన్లో పార్కు అనే ఇంకో ఊళ్ళో ఉన్న సహచరుడితో ఒకే తెర మీద కలిసి పనిచేసి చూపించాడని కూడా తనే చెప్పింది. అప్పటికి మా అన్న పుట్టనే లేదు.

సాయంత్రమంతా ఏది వాడాలో చూస్తూ కూర్చున్నాం. ఎక్స్‌కాలిడ్రా తెరవగానే నచ్చింది. బ్రౌజర్‌లో లింకు పంపితే చాలు, ఎవరైనా చేరిపోవచ్చు. గీతలు చేత్తో గీసినట్టే వంకరగా వస్తాయి. షాపు నమూనాలు, ప్లాన్లు గీయడానికి ఇక మీదట అదే వాడతాను. అయితే అది గీతల పలక. రంగు మీద రంగు అద్దే కుంచెలు దాంట్లో లేవు. మాగ్మా బాగుంది, అదీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కుంచెలున్నాయి. నేను బొమ్మలకు వాడే క్రీటాలో ఇంకొకరితో కలిసి గీసే ఏర్పాటు లేదు. చివరికి డ్రాపైల్ దగ్గర ఆగాం. ఉచితం, సోర్సు కోడ్ కూడా బయటే ఉంది, విండోస్, లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నింటిలో నడుస్తుంది, బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. గీసింది నా కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచుకోవచ్చు. ఇలా కలిసి గీసుకునే గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది కదా. అన్న చేతి గీత ఇంకొకరి సర్వర్‌లో మాత్రమే ఉండటం నాకిష్టం లేదు.

5వ రోజు

ఎక్కించుకోవడం పది నిమిషాల పని. పెన్ను దగ్గర మాత్రం రెండు గంటలు పోయింది.

నా దగ్గర ఉన్నది కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే వన్ బై వాకామ్ చిన్న పలక, 2,048 ఒత్తిడి స్థాయిలు. క్రీటాలో మెత్తగా ఆనిస్తే సన్నగా, నొక్కితే లావుగా గీత వస్తుంది. డ్రాపైల్‌లో ఎంత నొక్కినా ఒకే లావు. పైగా పెన్ను ఒకచోట ఆపితే చుట్టూ గుండ్రంగా ఒక వలయం తిరిగి రైట్ క్లిక్ మెనూ తెరుచుకుంటోంది. డ్రైవరు తీసేసి మళ్ళీ ఎక్కించాను, కంప్యూటర్ రెండుసార్లు ఆపి వేశాను. కారణం చాలా చిన్నది. డ్రాపైల్ సెట్టింగుల్లో టాబ్లెట్ విభాగం ఉంది. అక్కడ పెన్ను సంకేతాలు అందుకునే పద్ధతిగా విండోస్ ఇంక్ బదులు విన్‌ట్యాబ్ ఎంచుకోగానే ఒత్తిడి వచ్చేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డ్రైవర్ల జోలికి పోకముందే ఆ మీట చూసుకోండి.

ఇంకొకటి. చెయ్యి వణికేవాళ్ళకు కుంచె సెట్టింగుల్లో స్టెబిలైజర్ అని ఉంటుంది. దాన్ని పెంచితే గీత పెన్ను వెనకాల కాస్త ఆలస్యంగా, నున్నగా వస్తుంది. కోటగోడ పొడుగు గీతలకు పెంచుకున్నాను, రాళ్ళకు తగ్గించాను. రాయికి నునుపు పనికిరాదు.

6వ రోజు

ఈరోజు గీసింది ఏమీ లేదు. ముగ్గురం కలిసి గీసే సెషన్ నా కంప్యూటర్ మీదే నడపాలని చూశాను. డ్రాపైల్‌లోనే సర్వర్ ఉంటుంది, హోస్ట్ అని నొక్కితే మొదలవుతుంది. మిగతావాళ్ళు నా ఐపీ అడ్రసు కొట్టి చేరాలి. దానికి 27750 అనే పోర్టు బయటికి తెరిచి ఉండాలి. రౌటర్‌లోకి వెళ్ళి తెరిచాను. పాప బెంగళూరు నుంచి ప్రయత్నించింది, తలుపు తీయలేదు. మళ్ళీ, మళ్ళీ.

రౌటర్ చూపిస్తున్న ఐపీ, బయట లోకానికి కనిపిస్తున్న ఐపీ వేరువేరుగా ఉన్నాయని మధ్యాహ్నానికి గమనించాను. ఇంటికి నెట్ ఇచ్చేవాళ్ళు ఎందరో వినియోగదారులను ఒకే బయటి అడ్రసు వెనక ఉంచుతారు. మనం బయటికి వెళ్ళడానికి దాంతో ఇబ్బంది లేదు. బయటివాళ్ళు మన దగ్గరికి రావాలంటే మాత్రం, అపార్ట్‌మెంట్ పేరు రాసి ఫ్లాట్ నంబరు రాయని ఉత్తరం లాగా గేటు దగ్గరే ఆగిపోతారు. నా రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు.

దాంతో డ్రాపైల్ వాళ్ళ పబ్లిక్ సర్వర్‌లోనే సెషన్ పెట్టాను. ఖాతా తెరిచి, సెషన్‌కు పేరూ పాస్‌వర్డూ పెట్టి, లింకు ఇద్దరికీ పంపాను. పొద్దున్నే ఈ పని చేసి ఉంటే ఒక రోజు మిగిలేది. కలిసి గీయడమే కావలసినవాళ్ళు సొంత సర్వర్ ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

పాపది పాత వెర్షన్ కావడంతో చేరనివ్వలేదు. కొత్తది దించుకున్నాక వచ్చింది. ముగ్గురి దగ్గరా ఒకే వెర్షన్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

కాన్వాస్ కొలత 4000 అడ్డం, 1200 నిలువు పిక్సెళ్ళు. గోడ 20 అడుగులకు 6, కాబట్టి ఒక అడుగుకు సరిగ్గా 200 పిక్సెళ్ళు. అన్నింటికంటే పైన ఒక లేయరు (పారదర్శక కాగితం లాంటి పొర) పెట్టి 200కు ఒకటి చొప్పున సన్నని గీతలతో గళ్ళు గీశాను. 120 గళ్ళు. గోడ మీద కూడా ఇవే గళ్ళు వస్తాయి.

8వ రోజు, శుక్రవారం

కువైట్‌లో శుక్రవారం సెలవు. మనకు మధ్యాహ్నం పన్నెండున్నర అయితే అక్కడ పది. అన్న తన గదిలో మంచం మీద కూర్చుని టాబ్లెట్ తెరిచాడు. ఆన్‌లైన్‌లో దొరికిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఏదో వేసుకోబోతుంటే ఆపి, డ్రాపైల్ వాళ్ళ సైటు నుంచే దించుకోమన్నాను. పేరు అడిగిన చోట, బోర్డుల కింద కుడి మూలన రాసుకునే పేరే కొట్టాడు.

కాన్వాస్ మీద ఆ పేరుతో ఒక చిన్న గుర్తు కదిలింది. కాసేపు అక్కడే తచ్చాడింది. వేలు పెడితే గీత రాకుండా కాన్వాస్ మొత్తం జరిగిపోతోంది. వేలితో గీయడానికి వేరే మీట ఉందని చెప్పాను. అన్న దగ్గర టాబ్లెట్‌తో వచ్చిన పెన్ను ఉందని అప్పుడు తెలిసింది. డబ్బాలోంచి తీయనే లేదట.

పెన్ను తీశాడు. మొదట గీసింది కొండ కాదు, కోట కాదు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఒక గీత, ఆపకుండా. బోర్డు మొదలుపెట్టే ముందు రేకు మీద సుద్దతో గీసేవాడు, అచ్చం అలాగే. స్టెబిలైజర్ కూడా పెట్టుకోలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గీత నా తెర మీద ఎడమ నుంచి కుడికి నడిచివచ్చింది. మొదట్లో సన్నగా ఉంది, మధ్యలో నిండింది, చివర మళ్ళీ సన్నబడింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. పాప చాట్‌లో "నాన్నా, సూపర్" అని రాసింది.

అది ఎలా సాధ్యమైందో తర్వాత చదివాను. ఈ సాఫ్ట్‌వేర్ తెరను వీడియోలా పంపదు, బొమ్మను ఫోటోలా పంపదు. పెన్ను ఎక్కడ ఆనింది, ఏ కుంచె, ఏ రంగు, ఎంత లావు, ఎటు కదిలింది, ఎక్కడ లేచింది అన్న లెక్కలు మాత్రమే పంపుతుంది. సర్వర్ వాటిని వచ్చిన వరుసలో అందరికీ అందిస్తుంది. నా కంప్యూటర్ ఆ లెక్కలు చూసి గీతను మళ్ళీ గీస్తుంది. అంటే కువైట్‌లో గీసిన బొమ్మ కడపకు రాలేదు. అన్న చెయ్యి కదిలిన తీరు వచ్చింది, గీత ఇక్కడ పుట్టింది. అందుకే డేటా కూడా చాలా తక్కువ పడుతుంది. పాప హాస్టల్‌లో ఫోను నెట్‌తోనే నడిపించింది.

అన్న గదిలో నెట్ మందగించినప్పుడు గీత మధ్యలో ఆగి, ఒక్కసారిగా మిగతాదంతా వచ్చి పడేది. తెగిపోవడం మాత్రం లేదు.

9వ రోజు

లేయర్ల పంచాయితీ. ఒక లేయరు మీదే ముగ్గురం గీస్తుండగా పాప ఆకాశం రంగు సరిచేయబోయి అన్న కొండ అంచు కొంత చెరిపేసింది. నేను కంగారుపడి అన్‌డూ కొట్టాను. నేను వేసిన గీతే పోయింది! ఇక్కడ ఎవరి అన్‌డూ వాళ్ళ గీతలకే వర్తిస్తుంది. మొదట చిరాకనిపించినా, ఆలోచిస్తే ఇదే సరైన పద్ధతి. అన్న వేసిన దాన్ని నేను తీసేయకూడదు కదా. పాప తన అన్‌డూ తనే కొట్టాక కొండ తిరిగి వచ్చింది.

ఆ తర్వాత లేయర్లు పంచుకున్నాం. ఆకాశం, నది పాపవి. కొండలు, రాళ్ళు అన్నవి. కోట గోడలు, కట్టడాలు నావి. సెషన్ మొదలుపెట్టింది నేనే కాబట్టి ఎవరి లేయరు మీద ఎవరు గీయొచ్చో నేను పెట్టొచ్చు. గళ్ళ లేయరుకు తాళం వేశాను. దాని మీద ఎవ్వరూ గీయకూడదు, నేను కూడా.

రాత్రి కడపలో కరెంటు పోయింది. బొమ్మ అంతా పోయిందనుకున్నాను. గంట తర్వాత తిరిగి చేరితే ఇద్దరూ హాయిగా గీసుకుంటున్నారు. సెషన్ ఉన్నది సర్వర్‌లో, నా కంప్యూటర్‌లో కాదు. నేను లేనప్పుడు జరిగిన గీతలన్నీ నా తెర మీద గబగబా వరుసగా పడి, వాళ్ళను అందుకున్నాను. అయితే శాశ్వతంగా ఉంచమని పెట్టకపోతే, ఆఖరి మనిషి బయటికొచ్చాక సెషన్ ముగిసిపోతుంది. అందుకని ప్రతి రాత్రి నేనూ పాపా ఇద్దరం ఓఆర్ఏ ఫైలుగా దాచుకోవడం నియమం చేసుకున్నాం. ఆ ఫైలులో లేయర్లు కలిసిపోకుండా విడివిడిగానే ఉంటాయి, క్రీటాలో కూడా తెరుచుకుంటుంది.

11వ రోజు

తెల్లవారుజామునే బండి మీద గండికోట వెళ్ళాను. నా లేయరు నేను జ్ఞాపకం మీద గీస్తున్నానని అన్న పట్టేశాడు. "జామియా మసీదు మినార్లు అట్లుండవు, పోయి చూసి రాపో" అన్నాడు.

అన్న చెప్పినట్టే, అట్లా లేవు. ధాన్యాగారం గోడలు నేను గీసినదానికంటే చాలా మొద్దుగా, బరువుగా ఉన్నాయి. మాధవరాయ ఆలయ గోపురం నేను పొట్టిగా వేశాను. మసీదు, గోపురం రెండూ ఒకే చూపులో పడే చోటు వెతికి ఫోటోలు తీశాను. ఆ తర్వాత అంచుకు వెళ్ళి రాళ్ళ మీద కూర్చున్నాను. కింద పెన్నా. ఎర్రమల కొండలను నది ఎట్లా కోసుకుంటూ పోయిందో అక్కడ కూర్చుంటేనే అర్థమవుతుంది. గండి పడిన చోట కోట కాబట్టి గండికోట. రాళ్ళు పొరలు పొరలుగా, చదరాలుగా పగిలి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పొద్దు పైకి వచ్చేకొద్దీ వాటి ఎరుపు పాలిపోతుంది. ఆరున్నరకు జాజు రంగులో ఉన్న రాయి తొమ్మిదింటికి ఇటుక పొడి రంగుకు వచ్చింది. ఏ గంట వెలుగు వేయాలో ముగ్గురం ఒక మాట అనుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. పాప ఆకాశం సాయంత్రానిది, అన్న రాళ్ళు పొద్దుటివి.

రాత్రి తేల్చుకున్నాం. పొద్దున ఏడు గంటల వెలుగు, పిల్లలు బడికి బయల్దేరే ముందు పొద్దు.

ఆ రాత్రి రంగుల మీద ఇంకో గొడవ. ఆకాశం మురికిగా, పసుపు కొడుతోందని అన్న. లేత నీలమే వేశానని పాప. నా తెర మీద నాకూ నీలమే. పావుగంట నడిచాక అన్నను టాబ్లెట్ సెట్టింగులు చూడమన్నాను. కంటికి హాయి కోసం నీలి వెలుగు తగ్గించే మీట రాత్రి పూట తనంతట తానే పడుతోంది. అది తీసేయగానే "ఓ, నీలమే" అన్నాడు. రంగు మాట్లాడుకునే ముందు ముగ్గురూ ఆ మీట ఆపి, వెలుతురు సగానికి పెట్టాలని అనుకున్నాం. అయినా తెర మీది రంగు గోడ మీది ఎమల్షన్‌కు ఎప్పుడూ సరిగ్గా తూగదు. గోడ రంగులు గోడ దగ్గరే కలుపుకోవాలి.

15వ రోజు, శుక్రవారం

అక్షరాలు. ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఈ రోజు.

పైన ఎడమ పక్క "గండికోట" అని ఒక అడుగు ఎత్తున. దాని కింద చిన్నగా "పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన చోటు". ఫాంటు వేద్దామని నోరు జారాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుంచె యాడుండాది ఇందులో?" అన్నాడు.

గుండ్రటి కుంచెతో రాసి చూశాడు, నచ్చలేదు. బోర్డు రాతకు వాడేది ఫ్లాట్ బ్రష్. చెయ్యి తిప్పకుండా బ్రష్‌ను ఒకే వాలులో పట్టుకుని లాగితే, గీత పోయే దిక్కును బట్టి అదే లావు, అదే సన్నం అవుతుంది. తెలుగు అక్షరంలో వంపు ఎక్కువ, కాబట్టి ఆ లావు సన్నాలతోనే అందం. గుండ్రటి కుంచెతో రాస్తే పైపు వంచినట్టుంది.

డ్రాపైల్‌లో మైపెయింట్ అనే ఇంకో రకం కుంచెలు ఉన్నాయని పాపకు తెలుసు. వాటిలో కుంచె ముద్రను గుండ్రం నుంచి పొడుగ్గా సాగదీసి, దాని వాలు కోణం కూడా పెట్టుకోవచ్చు. పాప సాగదీసి, కోణం 45 పెట్టి, ఆ సెట్టింగులు వాళ్ళ నాన్నకు చెప్పింది. అన్న ఒకసారి లాగి చూసి, "వాలు ఇంకా పండబెట్టు" అన్నాడు. 30 దగ్గర ఒప్పుకున్నాడు.

రికార్డింగ్ మొదలుపెట్టాను. డ్రాపైల్ రికార్డింగ్ కూడా వీడియో కాదు, గీతల లెక్కల వరుస. తర్వాత తెరిచి మొదటి నుంచి గీయించి చూసుకోవచ్చు, మధ్యలో ఆపొచ్చు.

అన్న రాసిన తీరు చెప్పాలి. బడిలో మనం నేర్చుకున్న వరుస కాదు. గ వంపు, సున్నా, డ పొట్ట, క పొట్ట, ట పొట్ట, ముందు ఇవన్నీ వరసగా వేసుకుంటూ పోయాడు, పైన గుర్తులేవీ లేకుండా. పొట్టలన్నీ పడ్డాక కాన్వాస్ చిన్నది చేసి, దూరంగా చూశాడు. వాటి మధ్య ఖాళీలు సమానంగా ఉన్నాయా లేదా అన్నది పైన గుర్తులు లేనప్పుడే తెలుస్తుందట. ట ఒక్కదాన్ని చెరిపి కాస్త దగ్గరికి జరిపి మళ్ళీ వేశాడు. ఆ తర్వాత గ తలకట్టు, డ మీద గుడి. అన్నింటికంటే ఆఖరున కో. క మీద నుంచి లేచి కుడికి వంకీ తిరిగే ఓత్వాన్ని ఒకే లాగుడుతో లాగి, చివర పెన్ను ఎత్తుతూ తోక వదిలాడు.

"ఆ తోక ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాల," అన్నాడు. "మా మేస్త్రీ చెప్పినాడు నాకు."

పాప ఒక్క ముక్క రాయలేదు చాట్‌లో. వాళ్ళ నాన్న రాస్తుండగా తను చూడటం అదే మొదటిసారి. ఆయన వెళ్ళేటప్పటికి తను చిన్నపిల్ల.

16 నుంచి 19వ రోజు

కోట పూర్తి. పెద్దగా చెప్పడానికి లేదు, రోజూ రాత్రి రెండేసి గంటలు గీశాం. లేయర్లు ఎక్కువై, గీతల వరుస పెరిగి, కొత్తగా చేరినప్పుడు అందుకోవడానికి సమయం పడుతోంది. సెషన్‌ను రీసెట్ చేస్తే పాత వరుస పోయి ఇప్పటి బొమ్మ ఎలా ఉందో అక్కడి నుంచే మొదలవుతుంది. చేయించే ముందు రికార్డింగ్ భద్రంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

నది రంగులో పాప కొంచెం పచ్చ కలిపింది. నేను వెళ్ళిన పొద్దున నీళ్ళు అలాగే ఉన్నాయి, కాబట్టి ఉంచేశాం.

21వ రోజు

గోడకు సిమెంట్ ప్రైమర్ కొట్టించాను. ఆరాక జాజు అద్దిన దారం ఇద్దరం చెరో వైపు పట్టుకుని బిగించి కొడితే ఎర్రని గీతలు పడ్డాయి. 120 గళ్ళు. పిల్లకాయలు చుట్టూ చేరి లెక్కపెట్టారు. ప్రతి గడికీ పెన్సిల్‌తో నంబరు. తెర మీద 37వ గడిలో ఏముందో గోడ మీద 37వ గడిలో అదే. ఒక్కో గడి చూస్తూ వేస్తే నాలాంటి చేతికి కూడా కొండ కొండలాగే వచ్చింది.

ఎండకు రంగు కుంచెలోనే ఆరిపోతుంది. తెల్లారి అయిదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేస్తున్నాను. మళ్ళీ సాయంత్రం.

26వ రోజు

కొండలు, నది, మసీదు, గోపురం, ధాన్యాగారం పడ్డాయి. మిగిలింది అక్షరాలు.

వాటికి గళ్ళ పద్ధతి వద్దన్నాడు అన్న. అక్షరాలను అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, అంచు వెంట సూదితో చిల్లులు పొడిచి, గోడకు అంటించి, గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడితో అద్దమన్నాడు. కాగితం తీస్తే గోడ మీద చుక్కల్లో అక్షరం నిలిచింది. రూపం వచ్చింది. కుంచె ఎటు నుంచి లాగాలో మాత్రం చుక్కలు చెప్పవు.

అప్పుడు రికార్డింగ్ తెరిచాను. లాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి, నీడ కోసం అట్టపెట్టె అడ్డం పెట్టి, ఒక్కో గీత ముందుకు జరుపుతూ ఆపుతూ చూశాను. అన్న కుంచె గ వంపును ఎక్కడ మొదలుపెట్టిందో, ఎటు తిరిగిందో, ఎక్కడ ఎత్తిందో. చూసి, ఒక అంగుళం ఫ్లాట్ బ్రష్ పట్టుకుని, అదే వాలులో లాగాను. పైన గుర్తులు లేకుండా పొట్టలన్నీ ముందు వేసి, వెనక్కి నడిచి, బడి గంట కింద నిలబడి చూశాను. ఖాళీలు సరిపోయాయి. ట దగ్గరికి జరగడం ఎందుకు అవసరమైందో అక్కడి నుంచి చూస్తేనే తెలిసింది.

తర్వాత గుడి, తలకట్టు. కో ఓత్వం లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాను.

27వ రోజు

పొద్దున ఏడింటికి గోడ ముందు నిలబడి వీడియో కాల్. అక్కడ నాలుగున్నర, అన్న అలారం పెట్టుకుని లేచాడు. పాప కూడా వచ్చింది. ఎడమ చివర నుంచి కుడి చివరకు మెల్లగా నడుస్తూ చూపించాను. హెడ్మాస్టరు గారు, పిల్లకాయలు పక్కన. అన్న ఏమీ అనకుండా చూస్తున్నాడు. అక్షరాల దగ్గరికి రాగానే "ఆగు" అన్నాడు.

"ఇంకా దగ్గరికి పెట్టు. కో మీద."

ఫోను గోడకు జానెడు దూరంలో పెట్టాను.

"ఓత్వం తోక పొట్టిగా ఆగిపోయింది రా. ముందే ఊపిరి వదిలేస్తివి."

గిన్నెలో తెల్లరంగు ఇంకా తడిగానే ఉంది. ఫోను ఒక పిల్లవాడి చేతికిచ్చి, నిచ్చెన ఎక్కి, బ్రష్ ముంచాను. "వాలు చూసుకో, వాలు" అంటున్నాడు అన్న కింది నుంచి, పిల్లవాడి చేతిలోంచి.